సెలక్షన్ మ్యాచ్ అయ్యాక బస్సులో పిల్లాడితో ఏం మాట్లాడాలి?

నాగావళి_నాన్న (రాయగడ)
ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఉంటాం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి ఊరుకునేవాణ్ణి. ఇవాళ రాయకుండా నిద్రపట్టేలా లేదు.

మా గుంటడికి పదమూడు నిండాయి. మూడేళ్ళుగా లెదర్ బాల్‌తో ఆడుతున్నాడు. నెట్స్‌లో వాణ్ణి చూస్తే ముచ్చటేస్తుంది. కాలేజీ కుర్రాళ్ళు వేసినా ముందుకాలు నిబ్బరంగా వేసి ఆడతాడు. మ్యాచ్ అనేసరికి వేరే పిల్లాడైపోతాడు. నిన్న సెలక్షన్ మ్యాచ్. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, చద్దన్నం తిని, బస్సెక్కి వెళ్ళాం. ఏడు బంతులాడి రెండు పరుగులకి వచ్చేశాడు.

ఔటయ్యాడని కాదు నా బాధ. నేను మైదానం పక్కన చింతచెట్టు కింద కూర్చున్నాను. ఆ ఏడు బంతుల్లో ప్రతి బంతికీ వాడు నా వైపు చూశాడు. ఆడకముందు ఒకసారి, ఆడాక ఒకసారి. ఐదో బంతి బ్యాటు అంచుకి తగిలి స్లిప్ పక్కనుంచి పోయింది. నాకు తెలియకుండానే నుదురు కొట్టుకున్నాను. అది వాడు చూశాడు. ఏడో బంతికి వికెట్లు ఎగిరిపోయాయి.

తిరుగు ప్రయాణంలో మూడు గంటలు నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. తిట్టకూడదని నోరు కట్టేసుకున్నాను, అంతే. ఊరు దగ్గర పడుతుంటే కిటికీ వైపే చూస్తూ అడిగాడు: "నాన్నా, ఇంక నన్ను ఆటకి పంపవా?"

కోచ్‌ని అడిగితే "టెక్నిక్ బాగుంది, మైండ్‌సెట్ మారాలి" అంటారు. ఆ మారడమేదో ఎలాగో ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్ళు చెప్పండి.


మిల్లుకాలనీ_66 (రాయగడ)
ఆదివారం రాత్రి 10:50

బావుగారూ, నేను కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. నాన్న నుదురు కొట్టుకుంటే ఔటైపోయే పిల్లాడు రేపు నూట నలభై కిలోమీటర్ల బంతికి ఎలా నిలబడతాడు? మన కాలంలో నాన్నలు మైదానానికి వచ్చేవారే కాదు. ఔటై ఇంటికొస్తే అన్నం పెట్టేవారు, చదువుకోమనేవారు. మేం ఏడవలేదు, ఆడాం.

2021 జనవరిలో సిడ్నీలో మన హనుమ విహారిని చూశారుగా. తొడ కండరం చిరిగిపోయి, పరుగెత్తలేక, 161 బంతులు ఆడి 23 నాటౌట్. అవతల నడుం నొప్పితో అశ్విన్ 128 బంతులు. మ్యాచ్ డ్రా చేశారు. మైండ్‌సెట్ అంటే అదీ. పిల్లాడికి ఆ వీడియో చూపించండి.


పాతకీపర్_బరంపురం
సోమవారం ఉదయం 6:05

నాన్నగారూ, మీరు రాసినదాంట్లోనే జవాబు సగం ఉంది. "ప్రతి బంతికీ నా వైపు చూశాడు." ఆ వాక్యం రాయగలిగారంటే మీరు మంచి తండ్రే, ముందు ఆ దిగులు మానండి.

నేను ముప్పై ఏళ్ళు వికెట్ల వెనక కూర్చున్నవాణ్ణి. కీపర్‌కి బ్యాట్స్‌మన్ మొహం కనబడదు, మెడ కనబడుతుంది. పరుగులు చేసే పిల్లాడి మెడ బంతి బంతికీ మధ్య మెత్తబడుతుంది, బౌలర్ పరుగు మొదలెట్టగానే నిలబడుతుంది. భయపడే పిల్లాడి మెడ మొదటినుంచి చివరిదాకా కర్రలా బిగుసుకునే ఉంటుంది. పది నిమిషాలకే వాడు అలిసిపోతాడు. ఒంట్లో సత్తువ లేక కాదు, గంటసేపు ఒకే బిగువుతో ధ్యాస నిలపడం ఎవరివల్లా కాదు. పెద్ద ఆటగాళ్ళు కూడా ధ్యాసను పెట్టి, తీసి, పెట్టి, తీసి ఆడతారు.

ఇక నెట్స్‌లో బాగా ఆడి మ్యాచ్‌లో ఎందుకు పోతున్నాడు? గడియారం పట్టుకుని చూడండి. నెట్స్‌లో ముగ్గురు బౌలర్లు వరసగా వేస్తే పది నిమిషాల్లో నలభై యాభై బంతులు ఆడేస్తాడు. ఒకటి తప్పితే బాధపడటానికి టైమే ఉండదు, రెండోది వచ్చేస్తుంది. మ్యాచ్‌లో అరగంటకి ఇరవై బంతులు కూడా రావు. బంతికీ బంతికీ మధ్య అంత ఖాళీ. అవతలి ఎండ్‌లో ఓవర్ జరుగుతుంటే ఇంకా ఖాళీ. మీవాడు బంతి ఆడటం నేర్చుకున్నాడు, ఆ ఖాళీని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నేర్పకపోతే వాడు చింతచెట్టు వైపు చూడక ఇంకెక్కడ చూస్తాడు?

నేను మా పిల్లలకి చేయించేది చెప్తాను. బంతి ఆడగానే రెండడుగులు లెగ్ సైడుకి నడవాలి. ఒక గ్లవ్ పట్టీ ఊడదీసి మళ్ళీ అంటించాలి. ఆ "చర్రు"మనే చప్పుడుతో పోయిన బంతి పోయినట్టే. ఊపిరి నిదానంగా బయటికి వదలాలి. లోపలికి పీల్చమని చెప్పకండి, భుజాలు పైకి లేస్తాయి. తర్వాత ఎప్పుడూ ఒకే వస్తువు వైపు చూడాలి, సైట్‌స్క్రీనో (బౌలర్ వెనకుండే పెద్ద తెర), కొండో, బ్యాటు మీద స్టిక్కరో. మనిషిని మాత్రం చూడకూడదు. తిరిగొచ్చి గార్డ్ (వికెట్ల ముందు తను నిలబడే చోటు), బ్యాటుతో రెండు తట్లు, మనసులో ఒక్క మాట. మావాళ్ళలో ఒకడు "బంతి" అనుకుంటాడు, ఇంకొకడు ఒడియాలో "దేఖ" (చూడు) అనుకుంటాడు. ఏ మాటైనా పర్లేదు, అది వాడి మాటై ఉండాలి.

ఇది నెట్స్‌లో ప్రతి బంతికీ చేయించాలి. అప్పుడు నలభై బంతులు పదిహేనే అవుతాయి. తల్లిదండ్రులు "డబ్బులు కట్టి పదిహేను బంతులేనా" అని నన్ను అడిగారు కూడా. ఆ పదిహేనే మ్యాచ్‌కి పనికొస్తాయి. వారానికి ఒకరోజు ఇంకో పద్ధతి: ఔటైతే ఔటే. ప్యాడ్లు విప్పి పక్కన ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మొదటి వారం ఏడుస్తారు. నాలుగో వారానికి ఆ ఇరవై నిమిషాల్లో అవతలి బౌలర్ మణికట్టు చూడటం మొదలెడతారు.


వైజాగ్‌లో_రాయగడోడు
సోమవారం ఉదయం 8:30

కీపర్ గారు రాసింది చదువుతుంటే నాకు 2005 ఏప్రిల్ 5 గుర్తొచ్చింది. రాయగడ నుంచి ముందురోజు రైలెక్కి, విజయనగరం మీదుగా వచ్చి, పాకిస్తాన్ మ్యాచ్ చూశాను. ఆ స్టేడియంలో అదే మొదటి అంతర్జాతీయ మ్యాచ్. ధోనీ అప్పటికి ఎవరో చాలామందికి తెలీదు. మొదటి వన్డేలో బంగ్లాదేశ్ మీద సున్నాకి రనౌట్. ఆ తర్వాత 12, 7 నాటౌట్, 3. ఐదో వన్డేలో గంగూలీ మూడో స్థానంలో పంపాడు. 123 బంతుల్లో 148.

మా ఊళ్ళో ఏ పిల్లాడికైనా 0, 12, 7, 3 వస్తే మేం ఏమనేవాళ్ళమో నాకు తెలుసు. "ఇంక చదువు చూసుకో" అనేవాళ్ళం.


నాగావళి_నాన్న (రాయగడ)
సోమవారం మధ్యాహ్నం 1:15

కీపర్ గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. సాయంత్రం మావాడికి గ్లవ్ పట్టీ సంగతి చెప్తాను. ఒక సందేహం. నేను అసలు మ్యాచ్‌లకి వెళ్ళకుండా ఉంటే మంచిదా? వాడి ఆట చూడకుండా ఉండటం నావల్ల కాదేమో.


పర్లాకిమిడి_టీచరమ్మ
సోమవారం రాత్రి 9:20

అన్నయ్యగారూ, వెళ్ళండి. వెళ్ళకపోతే వాడు "నాన్నకి నా మీద ఆశ పోయింది" అనుకుంటాడు. పిల్లలు మన మౌనానికి వాళ్ళంతట వాళ్ళే అర్థం రాసుకుంటారు, ఎప్పుడూ చెడ్డ అర్థమే రాసుకుంటారు. మీ బస్సులో జరిగింది అదే. మీరు తిట్టకుండా ఆపుకున్నానని అనుకున్నారు. వాడికి ఆ మూడు గంటలూ తిట్లలాగే వినిపించాయి.

మా అమ్మాయి ఎడమచేతి స్పిన్ వేస్తుంది. పన్నెండేళ్ళు. మైదానంలో పద్నాలుగు మంది మగపిల్లల మధ్య ఒక్కతే. మొదట్లో ఇంటికి రాగానే "ఎన్ని వికెట్లు?" అని అడిగేదాన్ని. ఒకరోజు ఆ ప్రశ్నకి ముందే చెప్పులు విప్పుతూ "సున్నా" అని చెప్పి లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు నాలుగు ఓవర్లకి తొమ్మిది పరుగులే ఇచ్చిందని తర్వాత వాళ్ళ కోచ్ చెప్తేగానీ నాకు తెలీలేదు. దాని ఆటంతా నా ప్రశ్నలో సున్నా అయిపోయింది.

ఇప్పుడు రాగానే నీళ్ళిస్తాను, ఏదైనా పెడతాను. అరగంట దాకా క్రికెట్ ఊసెత్తను. తర్వాత అడిగేది ఒక్కటే: "ఇవాళ నీకు నచ్చిన బంతి ఏది?" ఓడిన రోజైనా ఒక బంతి ఉంటుంది. దాని గురించి చెప్పడం మొదలెడితే పావుగంట ఆగదు. తప్పులు కూడా దాని నోటితోనే వస్తాయి. నేను చెప్తే నిందలా ఉండేవి, అది చెప్పుకుంటే పాఠంలా ఉంటున్నాయి.

పొగడ్త విషయంలోనూ జాగ్రత్త. "నువ్వు పుట్టుకతోనే ఆటగత్తెవి" అని మా పెద్దలు అనేవారు. ఆ మాట విన్న పిల్ల కష్టమైన బౌలింగ్‌కి దూరంగా జరుగుతుంది, ఆ పేరు పోతుందేమోనని. "ఎండలో మూడో స్పెల్ కూడా లైన్ తప్పకుండా వేశావు" అంటే మళ్ళీ వెయ్యగలిగే పని గురించి మాట్లాడినట్టు.

ఇంకో మాట, ఇది ఒడిశా సరిహద్దులో ఉంటున్న మన తెలుగువాళ్ళందరికీ. "మనం తెలుగోళ్ళం, ఇక్కడ మనల్ని తీసుకోరు" అని పిల్లల ముందు అనకండి. దయచేసి అనకండి. నిజంగా అన్యాయం జరిగితే పెద్దవాళ్ళు వెళ్ళి అడగాలి, కాయితం పెట్టాలి. పిల్లల చెవిలో మాత్రం పొయ్యకూడదు.

మొన్న 2025 మహిళల ప్రపంచకప్‌లో మన కడప జిల్లా శ్రీ చరణి 14 వికెట్లు తీసింది. ఫైనల్ రాత్రి మా అమ్మాయి టీవీ ముందు కూర్చుని ఆమె వేళ్ళ పట్టు చూస్తూ, చేతిలో నిమ్మకాయ తిప్పుతూనే ఉంది. కప్పు సంబరాలు కూడా సరిగ్గా చూడలేదు.


గుణుపురం_స్వింగ్
సోమవారం రాత్రి 11:40

టీచరమ్మగారూ, ఆ "తీసుకోరు" మాట మీరు రాశారు కాబట్టి నా సంగతి చెప్తాను. నాకిప్పుడు ఇరవై రెండు.

పదిహేనేళ్ళప్పుడు మొదటిసారి పెద్ద క్యాంప్‌కి వెళ్ళాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, స్కూల్లో ఇంగ్లీషు. ఒడియా వచ్చనుకున్నా. కానీ అక్కడ కటక్, భువనేశ్వర్ కుర్రాళ్ళు మాట్లాడే వేగం వేరు. కోచ్ ఏదో అనగానే అందరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు, నన్నే అన్నారనుకున్నాను. ఆ రోజంతా నా చేతిలోంచి బంతి సరిగ్గా వదల్లేదు. సీమ్ (బంతి మీద కుట్టు) నిటారుగా పోయే నా బంతి అడ్డదిడ్డంగా పోయింది. సెలెక్ట్ కాలేదు. ఇంటికొచ్చి "తెలుగోణ్ణని తీసుకోలేదు" అన్నాను. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

ఆ మాట రెండేళ్ళు నాకు దుప్పటిలా పనికొచ్చింది. పొద్దున్నే లేవక్కర్లేదు, పరుగెత్తక్కర్లేదు, ఎలాగూ తీసుకోరు కదా. తర్వాత అదే క్యాంప్‌లో ఆడిన కీపర్ ఒకడు కలిశాడు. ఆ రోజు కోచ్ అన్నది నా గురించి కాదట, వాడి షూ లేసుల గురించట. రెండేళ్ళు పోయాయన్నా ఆ నవ్వుకి.

మీవాణ్ణి క్యాంప్‌కి పంపేముందు నెల రోజులు ఒడియా కుర్రాళ్ళతో ఆడనివ్వండి. మైదానంలో వాడే మాటలు, కేకలు, వెక్కిరింపులు, పొగడ్తలు అన్నీ చెవిన పడాలి. అర్థం కానిది వెంటనే అడిగే అలవాటు చెయ్యండి. "కణ కహిలు?" (ఏమన్నావు?) అని అడగటానికి నేను సిగ్గుపడ్డాను.


పాతకీపర్_బరంపురం
మంగళవారం ఉదయం 5:50

నాయనా స్వింగ్, నీ పోస్టు మా పిల్లలందరికీ చదివి వినిపిస్తాను. పేరు చెప్పనులే.


సిరోంచ_గోదారి (గడ్చిరోలి జిల్లా)
మంగళవారం ఉదయం 10:25

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు నుంచి నమస్కారం. మాకు అటు ఒడ్డున కాళేశ్వరం, ఇటు మరాఠీ బోర్డులు. మా పిల్లల సమస్య మీకంటే కాస్త వేరు. ఇక్కడంతా టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. ఆరు ఓవర్లు, ఎనిమిది ఓవర్లు. మైకులో కామెంటరీ, సిక్స్ కొడితే చేతిలో వంద నోటు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఆ వంద నోటు రుచి తగిలాక, బంతిని వదిలెయ్యమంటే వాడికి అవమానంలా ఉంటుంది. లెదర్ బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తే రెండో బంతికే గాల్లోకి లేపుతాడు.

భారీగా కొట్టడం తప్పని నేననను. మన టెస్టు జట్టు మొదటి కెప్టెన్ సి.కె.నాయుడు నాగపూర్ తెలుగింట్లో పుట్టినవాడు. 1926లో బొంబాయిలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 కొట్టి, అందులో 11 సిక్స్‌లు బాదాడు. కొట్టాలి. కానీ ఏది కొట్టాలో ఎంచుకునేది ఆటగాడై ఉండాలి, మైకు కాకూడదు.

మా పిల్లలకి నేను చెప్పే కథ సచిన్ 241. 2004 జనవరి, సిడ్నీ. ఆ సిరీస్‌లో అంతకుముందు 0, 1, 37, 0, 44. ఆఫ్ స్టంప్ బయట డ్రైవ్ చెయ్యబోయి పోతున్నాడు. సిడ్నీలో ఆ కవర్ డ్రైవ్‌నే పక్కన పెట్టేశాడు. ప్రపంచంలో అందరూ చప్పట్లు కొట్టే షాట్‌ని మానుకుని 436 బంతులు ఆడి నాటౌట్‌గా నిలిచాడు. మావాళ్ళకి చెప్పి ఊరుకోను. పన్నెండు బంతులు వేస్తాను, ఆఫ్ స్టంప్ బయటివి ఎన్ని వదిలితే అన్ని పాయింట్లు. కొట్టినదానికి సున్నా. మొదట నవ్వారు. ఇప్పుడు ఎవడు ఎక్కువ వదిలాడని పోట్లాడుకుంటున్నారు.


జయపురం_ఫిజియో
మంగళవారం రాత్రి 8:15

మిల్లుకాలనీ బావుగారికి ఒక మనవి. విహారి సిడ్నీ ఇన్నింగ్స్ నాకూ ప్రాణం. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగి ఎడమచేతి వాటంగా ఆడినప్పుడు నేనూ నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ ఆయన పెద్దవాడు. ఏం పోతుందో తెలిసి, డాక్టర్లు, ఫిజియోలు చుట్టూ ఉండగా తీసుకున్న నిర్ణయం. పదమూడేళ్ళ పిల్లాడికి ఆ వీడియో చూపించి "చూడు, ఇలా ఉండాలి" అంటే వాడు నేర్చుకునేది ఒక్కటే: నొప్పి చెప్పకూడదని.

నా దగ్గరకి అలాంటి పిల్లలే వస్తారు. పదిహేనేళ్ళ ఫాస్ట్ బౌలర్, నడుం కింద ఒకవైపు నొప్పి. ఎన్నాళ్ళనుంచి అంటే మూడు నెలలు. ఎందుకు చెప్పలేదంటే "పిరికివాడంటారు". ఎదిగే వయసులో వెన్నెముక కింది భాగంలో ఎముక మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. ముందే పట్టుకుంటే విశ్రాంతితో మానతాయి, దాచుకుంటే ఏడాది పోతుంది. ఇంగ్లండులో కుర్ర పేసర్లు వయసుని బట్టి ఒక స్పెల్‌లో ఎన్ని ఓవర్లు వెయ్యాలో పరిమితి పెట్టారు. మన దగ్గర ఊరి టోర్నమెంట్లో ఒకే కుర్రాడి చేత పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేయిస్తాం.

"ఇక్కడ నొప్పిగా ఉంది సార్" అని జట్టు ముందు చెప్పడానికి కూడా గుండె కావాలి. దాన్నీ నేర్పండి.


మిల్లుకాలనీ_66 (రాయగడ)
మంగళవారం రాత్రి 10:30

డాక్టరు గారూ, ఆ కోణం నాకు తట్టలేదు. విహారి వీడియో మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలు నొప్పి దాచుకోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

కానీ గట్టితనం అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. నేను చెప్పదలచుకున్న గట్టితనానికి సరైన ఉదాహరణ ఇప్పుడు చెప్తాను. 2025 ఆగస్టు, ఓవల్ టెస్టు. నాలుగోరోజు ఇంగ్లండు బ్యాట్స్‌మన్ బ్రూక్ 19 దగ్గర ఉన్నప్పుడు సిరాజ్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టి, పట్టుకున్న బంతితోనే తాడు మీద కాలేశాడు. ఔట్ కాస్తా సిక్స్ అయింది. బ్రూక్ 111 దాకా పోయాడు. ఆ సిరీస్‌లోనే లార్డ్స్‌లో ఆఖరి వికెట్‌గా సిరాజే బౌల్డయ్యాడు, బంతి డిఫెన్స్ చేశాక దొర్లుకుంటూ వెళ్ళి వికెట్లకి తగిలింది, 22 పరుగుల తేడాతో ఓడాం. ఇన్ని మోసుకుని ఐదోరోజు పొద్దున బంతి పట్టుకున్నాడు. ఇంగ్లండుకి కావలసింది 35, చేతిలో నాలుగు వికెట్లు. మూడు సిరాజే తీశాడు. ఆరు పరుగులతో గెలిచాం.

తప్పు చేసినవాడే మర్నాడు బంతి అడిగి తీసుకోవడం. నేను కోరేది అది. అది మెత్తగా పెంచితే వస్తుందా, గట్టిగా పెంచితే వస్తుందా అన్నది నాకు తెలీదు. మావాడి విషయంలో గట్టిగానే ఉన్నాను. వాడు పదిహేడేళ్ళకి బ్యాట్ అటక మీద పెట్టేశాడు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం. క్రికెట్ గురించి నాతో మాట్లాడడు.


పర్లాకిమిడి_టీచరమ్మ
మంగళవారం రాత్రి 10:58

అన్నయ్యగారూ, ఈ చివరి రెండు వాక్యాలు రాసినందుకు మీకు దణ్ణం. ఒకసారి మీవాడికి ఫోన్ చేసి ఆ ఓవల్ మ్యాచ్ గురించే మాట్లాడండి. మరేం వద్దు.


పాతకీపర్_బరంపురం
బుధవారం ఉదయం 6:20

సిరాజ్ ఉదాహరణ నూటికి నూరుపాళ్ళు సరైంది. కానీ బావుగారూ, తాడు మీద కాలేసిన క్షణంలో జట్టులో ఒకరైనా వాడి మీద అరిచి ఉంటే, మర్నాడు బంతి వాడి చేతికి ఇవ్వకపోయి ఉంటే? మనం పిల్లలకి ఇవ్వగలిగింది ఆ మర్నాటి బంతే. క్యాచ్ వదిలేసిన పిల్లాణ్ణి నేను అదే చోట ఫీల్డింగ్‌లో ఉంచుతాను. తీసి ఇంకెక్కడో దాచను. మళ్ళీ బంతి అటే వెళ్తుందని వాడికీ తెలియాలి, నాకు నమ్మకముందనీ తెలియాలి.


కాశీనగర్_కొత్త
బుధవారం రాత్రి 9:05

పెద్దలందరికీ నమస్కారం. ఇదే దారంలో అడగొచ్చో లేదో. మా తమ్ముడికి పదిహేను. ఒకాయన "వయసు రెండేళ్ళు తగ్గించి కాయితం చేయిద్దాం, కావాలంటే ఆంధ్రా అడ్రసు కూడా పెడదాం, రెండు వైపులా ట్రై చెయ్యొచ్చు" అంటున్నాడు. మా నాన్న సరే అనేలా ఉన్నారు. తమ్ముడు మాత్రం వారం రోజులుగా ప్రాక్టీసుకి వెళ్ళట్లేదు.


పాతకీపర్_బరంపురం
బుధవారం రాత్రి 9:31

వద్దు బాబూ. నాన్నగారికి ఈ పోస్టు చూపించు.

పదహారేళ్ళలోపు పోటీలకి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. కాయితం ఏం చెప్పినా ఎముక దాని మాట అది చెప్తుంది. 2020లోనే మన క్రికెట్ బోర్డు ప్రకటించింది: వయసులో గానీ, ఏ రాష్ట్రం వాడన్నదాంట్లో గానీ మోసం తేలితే రెండేళ్ళ నిషేధం. పదిహేనేళ్ళ పిల్లాడికి రెండేళ్ళంటే ఏమిటో ఆలోచించు.

అది పక్కన పెట్టు. మీ తమ్ముడు ప్రాక్టీసుకి ఎందుకు వెళ్ళట్లేదో అడిగారా? క్రీజులో నిలబడి తన వయసేంటో గుర్తు పెట్టుకోవలసిన పిల్లాడు బంతేం చూస్తాడు? పక్కనున్న స్నేహితుడు పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఉలిక్కిపడతాడు. తన వయసువాళ్ళతో ఆడి ఓడిపోతే నేర్చుకుంటాడు. చిన్నవాళ్ళ మీద గెలిస్తే ఏమీ నేర్చుకోడు, ఆ గెలుపు తనది కాదని లోపల తెలుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఈ విషయంలో సరిగ్గా ఉన్నది మీ తమ్ముడొక్కడే.


కాశీనగర్_కొత్త
బుధవారం రాత్రి 10:15

అడిగానండి. "నాకు పదిహేను. పదమూడని చెప్పలేను" అన్నాడు. రేపు నాన్నతో నేనే మాట్లాడతాను.


నాగావళి_నాన్న (రాయగడ)
నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:48

మళ్ళీ నేనే. అందరికీ చెప్పుకోవాలనిపించి వచ్చాను.

ఈ నాలుగు వారాలూ కీపర్ గారు చెప్పిన గ్లవ్ పట్టీ పని చేయించాం. నెట్స్‌లో బంతులు తగ్గాయి. వాడు మొదట విసుక్కున్నాడు. రెండో వారంలో తనంతట తాను ఒక మాట ఎంచుకున్నాడు, అదేమిటో నాకు చెప్పనన్నాడు. అడగలేదు.

ఇవాళ స్కూలు జట్టు మ్యాచ్. నేను వెళ్ళాను. చింతచెట్టు కింద కాకుండా స్కోరర్ బల్ల వెనక, వాడికి తిన్నగా కనబడని చోట కూర్చున్నాను. ముందే చెప్పాను, "అక్కడుంటాను, నువ్వు చూడక్కర్లేదు" అని. మొదటి ఓవర్లో రెండుసార్లు నాకోసం వెతికాడు. చింతచెట్టు కింద ఎవరూ లేరు. తర్వాత సైట్‌స్క్రీన్ వెనకున్న నీళ్ళ ట్యాంక్ వైపు చూడటం మొదలెట్టాడు. ఇరవై ఎనిమిది బంతులు ఆడాడు. తొమ్మిది పరుగులు. లెగ్ స్పిన్నర్‌కి స్టంపౌట్.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పకోడీ పొట్లం ఇచ్చాను. సగం తిన్నాక నేను టీచరమ్మగారి ప్రశ్న అడుగుదామని నోరు తెరిచేలోపు వాడే మొదలెట్టాడు. ఆ లెగ్ స్పిన్నర్ గూగ్లీ (అటు తిరుగుతుందనుకుంటే ఇటు తిరిగే బంతి) వేసేటప్పుడు చూపుడువేలు కాస్త ముందే లేస్తుందట. మూడోసారి పట్టేశాడట, కానీ అప్పటికే క్రీజు దాటేశాడట. పకోడీ నూనె వేళ్ళతోనే నా చేతిలో వాటర్ బాటిల్ మూత లాక్కుని, దాన్ని బంతిలా పట్టి, ఆ వేలు ఎలా లేచిందో చూపించాడు. మళ్ళీ చూపించాడు. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, ఆ ఏలు సంగతి?" అని అడిగితే ఆయనకీ చూపించాడు.

వచ్చే ఆదివారం అదే జట్టుతో ఇంకో మ్యాచ్ ఉంది. ఇప్పుడు మా పెరట్లో వాళ్ళ అక్కచేత గూగ్లీ వేయించుకుంటున్నాడు. దానికి గూగ్లీ రాదు. వేలు లేపితే చాలంటున్నాడు.


మిల్లుకాలనీ_66 (రాయగడ)
ఆదివారం రాత్రి 10:20

బావుగారూ, ఆ ఆదివారం మ్యాచ్‌కి నేనూ వస్తాను. స్కోరర్ బల్ల వెనక ఇంకో కుర్చీ వెయ్యమనండి. మావాడు పుణె నుంచి ఫోన్లో స్కోరు అడుగుతానన్నాడు.